న్యూరోసైన్స్ పీహెచ్‌డీకి గైడ్‌ను ఎంచుకునేటప్పుడు సైటేషన్ల సంఖ్యను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: ఉదయసముద్రం, నల్లగొండ

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. మా చెల్లెలు బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తి చేసి ఈ ఏడాది జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి ఇచ్చే ఫెలోషిప్) సాధించింది. మెదడు మీద పరిశోధన చేయాలన్నది మొదటి నుంచీ ఆమె పట్టుదల. ఇద్దరు ఆచార్యులతో మాట్లాడితే ఇద్దరూ చేర్చుకుంటామన్నారు. ఎవరి దగ్గర చేరుతున్నదీ పది రోజుల్లో చెప్పాలి.

మొదటివారు మెదడు స్కానింగ్ చిత్రాల ఆధారంగా వృద్ధుల్లో వచ్చే మతిమరుపు వ్యాధులను అధ్యయనం చేస్తారు. పరిశోధన పత్రాలను వెతికే గూగుల్ స్కాలర్‌లో వారి పేరిట 9,400 సైటేషన్లు (ఇతర పత్రాలు వారి పత్రాలను ఉదహరించిన సార్లు), 36 హెచ్-ఇండెక్స్ కనబడుతున్నాయి. రెండవవారు ఫ్లోరైడ్ నాడీకణాలకు ఏ విధంగా హాని చేస్తుందన్నది ఎలుకల్లో పరిశీలిస్తారు. వారికి 1,100 సైటేషన్లు, 17 హెచ్-ఇండెక్స్ ఉన్నాయి. మా అమ్మమ్మది నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న మర్రిగూడ వైపు ఊరు. వంగిపోయిన నడుముతో ఆమె గోడ పట్టుకుని నడవడం చూస్తూ పెరిగినవాళ్లం కనుక చెల్లెలి మనసు రెండవ అంశం వైపే మొగ్గుతున్నది.

క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ సెంటర్‌లో ఆ రెండు పేజీలూ ప్రింటు తీయించి ఇంటికి తీసుకువెళ్లాను. మా నాన్న బత్తాయి మార్కెట్‌లో ముప్పై ఏళ్లు చిట్టా రాసినవారు. కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని, 9,400 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఇంత తేడా ఉన్నంక ఇంకా అడిగేదేముంది బిడ్డా" అన్నారు. చెల్లెలు ఏమీ మాట్లాడలేదు.

నా సందేహం ఇది. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి పోల్చడం అసలు సరైన పనేనా? రెండవవారి సంఖ్య తక్కువగా ఉండటానికి వారి పని తక్కువ స్థాయిది కావడం కారణమా, లేక ఎంచుకున్న అంశమే అటువంటిదా? ఈ రంగం తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు: పిల్లలమర్రి, మహబూబ్‌నగర్ (ప్రస్తుతం బెంగళూరు)

సార్, మీ నాన్నగారి వృత్తి నుంచే మొదలుపెడతాను. కుప్ప ఎత్తు చూసి బత్తాయికి ఎవరూ ధర కట్టరు. లోపలికి చేయి పెట్టి, అడుగున ఉన్న కాయ తీసి, సైజూ తొక్కా చూసిన తర్వాతే ధర మాట్లాడతారు. గూగుల్ స్కాలర్ పేజీలో కుడివైపు పైన కనబడే మొత్తం సంఖ్య కుప్ప ఎత్తు మాత్రమే. నేను న్యూరోసైన్స్‌లోనే పీహెచ్‌డీ చేసి, అదే రంగంలో పనిచేస్తున్నాను కనుక లోపలికి చేయి ఎక్కడ పెట్టాలో చెప్పగలను.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. 17 అంటే, ఆ వ్యక్తి పత్రాల్లో పదిహేడింటికి ఒక్కొక్కదానికి కనీసం పదిహేడు సైటేషన్లు వచ్చాయని, పద్దెనిమిది పత్రాలకు పద్దెనిమిదేసి రాలేదని అర్థం. ఇది వయసుతో పాటు పెరిగేదే తప్ప తగ్గేది కాదు; పరిశోధకుడు పని మానేసినా పాత పత్రాల మీద పెరుగుతూనే ఉంటుంది. జీవశాస్త్రాల్లో ఈ సంఖ్య భౌతికశాస్త్రంలో కంటే ఎక్కువగా ఉంటుందని హిర్ష్ తన పత్రంలోనే గమనించారు, అంటే రంగాలను దాటి పోల్చడంలోని ఇబ్బంది పుట్టుకతోనే దానికి అంటుకుని ఉన్నది. మీ ఇద్దరు ఆచార్యుల్లో ఎవరు ఎన్నేళ్ల క్రితం తొలి పత్రం అచ్చువేశారో మీరు రాయలేదు. అది చూడకుండా 36ను, 17ను పోల్చడం పదో తరగతి పిల్లవాడి ఎత్తును ఆరో తరగతి పిల్లవాడి ఎత్తుతో పోల్చినట్లే.

ఇక న్యూరోసైన్స్ అన్నది ఒక్క రంగం కాదు. స్కానింగ్ పనిలో ఈరోజు పెద్ద పెద్ద కూటములు ఉన్నాయి. 2009లో మొదలైన ఎనిగ్మా కూటమి అనేక దేశాల ప్రయోగశాలల నుంచి మెదడు చిత్రాలను, జన్యు సమాచారాన్ని ఒకచోట చేర్చి విశ్లేషిస్తుంది. ఇటువంటి పత్రాల మీద వందలమంది పేర్లు ఉంటాయి. ప్రపంచంలో ఏ వ్యాధి భారం ఎంతో లెక్కకట్టే, లాన్సెట్ వైద్య జర్నల్‌లో వచ్చే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ పత్రాల సంగతి చెప్పనే అక్కరలేదు. ఒక్కొక్కదానికి వేలల్లో సైటేషన్లు వస్తాయి, పేరు ఉన్న ప్రతి ఒక్కరి ఖాతాలోనూ ఆ మొత్తం పూర్తిగా జమ అవుతుంది. పదిమంది కలిసి ఒక ఎకరం దున్ని, ఎవరికి వారు ఎకరం దున్నామని రాసుకున్నట్లు ఉంటుంది వ్యవహారం. ఆ పని విలువ లేనిదని నా ఉద్దేశం కాదు; సమాచారం ఇవ్వడమూ పనే. మీ చెల్లెలు రోజూ ఏ ప్రయోగశాలలో కూర్చుంటుందో ఆ ప్రయోగశాల ఏం చేస్తున్నదన్నది మాత్రం ఆ సంఖ్యలో కనబడదు.

అందువల్ల పేరు ఏ స్థానంలో ఉన్నదో చూడండి. మా రంగంలో ప్రయోగాలు స్వయంగా చేసి రాసినవారి పేరు మొదట, ప్రయోగశాల అధిపతి పేరు చివర వేయడం ఆచారం. గైడ్ పేరు చివర ఉండి, మొదట విద్యార్థి పేరు ఉన్న పత్రాలను మాత్రమే ఏరి, వాటికి ఎన్ని సైటేషన్లు వచ్చాయో కూడండి. మీకు కావలసిన లెక్క అదే.

ఎందుకోసం ఉదహరించారన్నది మరొకటి. ప్రపంచంలో అత్యధికంగా ఉదహరించబడిన పత్రం 1951లో లౌరీ బృందం ప్రోటీన్‌ను కొలిచే పద్ధతి మీద రాసినది. మూడు లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి. మీ చెల్లెలు ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో ఆ నీలిరంగు ద్రావణాన్ని కలిపే ఉంటుంది. మతిమరుపును అంచనా వేయడానికి వైద్యులు అడిగే ముప్పై మార్కుల ప్రశ్నావళి 1975 నాటిది, దానికీ వేలకు వేలు వచ్చాయి. ఇవి పనిముట్లు, వాడిన ప్రతివారూ పేరు చెప్పక తప్పదు. మరోవైపు ఓకీఫ్, దోస్త్రోవ్‌స్కీ 1971లో అచ్చువేసిన చిన్న పత్రం ఉన్నది. స్వేచ్ఛగా తిరుగుతున్న ఎలుక మెదడులో, జ్ఞాపకాలతో సంబంధమున్న హిపోకాంపస్ అనే భాగంలో, అది ఫలానా చోట ఉన్నప్పుడు మాత్రమే స్పందించే కణాలు ఉన్నాయని వారు చెప్పారు. పరిశీలించిన 76 కణాల్లో ఎనిమిది మాత్రమే అలా ప్రవర్తించాయి. ఓకీఫ్‌కు ఆ ఆవిష్కరణకు నోబెల్ బహుమతి వచ్చింది 2014లో, అంటే నలభై మూడేళ్ల తర్వాత. జర్నళ్లకు వేసే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఒక్కో పత్రానికి వచ్చే సైటేషన్ల సగటు) గడిచిన రెండేళ్ల పత్రాలనే లెక్కిస్తుందన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

ఫ్లోరైడ్ గురించి మీరు అడిగిన ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. మీ జిల్లా పేరు శీర్షికలోనే ఉన్న పత్రం ఒకటి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది, ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలను, పళ్లను దెబ్బతీసే వ్యాధి) రోగులను పరిశీలించి రాశారు. హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి 2009లో న్యూరాలజీ ఇండియా అనే జర్నల్‌లో ఈ వ్యాధి నాడీ లక్షణాల మీద సమీక్ష రాశారు. వెన్నుపూసల దగ్గర ఎముక అదనంగా పెరిగి వెన్నుపామును, నాడుల మూలాలను నొక్కడం వల్ల కాళ్లు చచ్చుబడిపోతాయని వైద్యులకు తెలిసింది ఇటువంటి పనుల వల్లనే. ఈ అంశం మీద పనిచేసేవారు ప్రపంచం మొత్తం మీద కొద్దిమంది. ఒక పత్రాన్ని ఉదహరించడానికి మరొక పత్రం రాసేవారు ఉండాలి కదా. మతిమరుపు వ్యాధుల మీద రాసేవారి సంఖ్య ముందు మర్రిగూడ నీళ్ల మీద రాసేవారి సంఖ్య ఎంత?

అంశాన్ని బట్టి సంఖ్యను సరిచేసి చూపే ఉచిత వెబ్‌సైట్ ఒకటి ఉన్నది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల వారి ఐసైట్ అది. ఒక పత్రానికి వచ్చిన సైటేషన్లను అదే అంశం చుట్టూ ఉన్న పత్రాలతో పోల్చి నిష్పత్తి ఇస్తుంది. 1 అంటే ఆ సంస్థ నిధులతో వచ్చిన పత్రాల్లో మధ్యస్థం. కాకపోతే ఇందులో ఒక మెలిక ఉన్నది. పబ్‌మెడ్ అనే వైద్య పత్రాల సూచికలో ఉన్న పత్రాలనే ఐసైట్ లెక్కిస్తుంది. ఈ అంశానికే ప్రత్యేకించిన ఫ్లోరైడ్ అనే జర్నల్ 1968 నుంచి వస్తున్నా పబ్‌మెడ్‌లో ప్రధాన భాగమైన మెడ్‌లైన్ దానిని చేర్చుకోలేదు. రెండవవారి పత్రాలు అందులో ఎన్ని ఉన్నాయో ముందు చూసుకోండి, లేకపోతే సరిచేసిన లెక్క కూడా వారికి అన్యాయమే చేస్తుంది.

జవాబు: కోయిల్‌సాగర్

నేను ఒక వైద్య కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను. పై జవాబుకు ఒక్క చేర్పు. ప్రమోషన్ కోసం పత్రాలు కావలసిన రోజుల్లో డబ్బు తీసుకుని పత్రాలు అచ్చువేసే జర్నళ్ల నుంచి నాకు వారానికి నాలుగైదు ఆహ్వానాలు వచ్చేవి. "గౌరవనీయ మహాశయా" అని మొదలై, ఏడు రోజుల్లో అచ్చు అని ముగిసేవి. ఒకదానికి డబ్బు కట్టాను. సమీక్షకుల వ్యాఖ్య అని రెండు వాక్యాలు వచ్చాయి, రెండింటిలోనూ నా పత్రం విషయం గురించి ఒక్క మాట లేదు. ఏడాది తిరిగేసరికి ఆ జర్నల్ వెబ్‌సైటే లేదు. పత్రాల సంఖ్య చూసి మురిసిపోయే ముందు, చివరి ఐదేళ్లలో వారు అచ్చువేసిన జర్నళ్ల పేర్లు చదవండి. న్యూరోసైన్స్ పత్రం వ్యవసాయం, మేనేజ్‌మెంట్, ఇంజనీరింగ్ అన్నీ కలిపి వేసే జర్నల్‌లో వచ్చి ఉంటే ఆలోచించవలసిందే.

జవాబు: డిండి వాగు

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. పిల్లలమర్రి గారు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, సంఖ్యలు అసలు పట్టించుకోనక్కరలేదన్న అభిప్రాయం కలగకూడదు. రేపు ఆ అమ్మాయి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఎవరో ఒకరు ఈ సంఖ్యలతోనే కొలుస్తారు. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో సైన్సు పత్రానికి ఎనిమిది మార్కులు, దాని మీద జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి అదనపు మార్కులు ఉన్నాయి. రచయితలు ఇద్దరికి మించితే మొదటి రచయితకు లేదా ఉత్తర ప్రత్యుత్తరాల బాధ్యత ఉన్న రచయితకు 70 శాతం, మిగిలిన ఒక్కొక్కరికి 30 శాతం మార్కులు వస్తాయి. పేరు మొదట ఉండటం కేవలం మర్యాద విషయం కాదు, అభ్యర్థి బతుకుదెరువు విషయం.

నా అనుభవంలో అన్నిటికంటే తరచుగా వచ్చే తప్పు పేర్లది. మన పేర్లలో ఇంటిపేరు ఒక అక్షరమై ముందుకు పోతుంది, కులసూచకమో రెండవ పేరో చివర మిగులుతుంది. "కె. ఎస్. రెడ్డి" అని వెతికితే గుండె వైద్యుడు, వరి శాస్త్రవేత్త, గణితం ఆచార్యుడు ఒకే వరుసలో వస్తారు. గూగుల్ స్కాలర్ తనంతట తానే పత్రాలను ఖాతాలో చేర్చేటట్లు అమరిక పెట్టుకున్నవారి పేజీలో పరాయివారి పత్రాలు దూరడం నేను ఎన్నోసార్లు చూశాను. ఒక ఆచార్యుని ఖాతాలో వారు పుట్టకముందు అచ్చయిన పత్రం కూడా కనబడింది, వారు దానిని తీసివేయలేదు. పెళ్లి తర్వాత పేరు మారిన స్త్రీల విషయంలో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. సగం పని ఎక్కడో విడిపోతుంది. ఒక్కో పరిశోధకుడికి ఒక్కటిగా 2012 నుంచి ఇస్తున్న ఆర్కిడ్ సంఖ్యతో సరిపోల్చుకుంటే ఈ గందరగోళం చాలావరకు తీరుతుంది. గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలను, అచ్చుకు ముందటి ప్రతులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది కనుక దాని సంఖ్య స్కోపస్ అనే మరో సైటేషన్ల సమాచార నిధి కంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది. తమ పత్రాలను తామే ఉదహరించుకున్న వాటిని తీసివేసి చూసే వీలు స్కోపస్‌లో ఉన్నది. మా దగ్గర దానిని నొక్కి చూపించినప్పుడు కొందరి ముఖాలు చిన్నబోయేవి.

ఏటా స్టాన్‌ఫర్డ్ వారి రెండు శాతం జాబితా (సైటేషన్లలో ముందున్న రెండు శాతం శాస్త్రవేత్తల జాబితా) అని కళాశాలల గేట్ల మీద ఫ్లెక్సీలు కడుతున్నారు. ఆ జాబితా వెనుక ఉన్న సమాచారం స్కోపస్‌దే, స్వీయ సైటేషన్లతోనూ అవి లేకుండానూ రెండు లెక్కలూ అందులో ఉంటాయి, రచయిత స్థానానికీ విలువ ఇస్తుంది. ఫ్లెక్సీలో ఇవేవీ ఉండవు.

వెనక్కి తీసుకున్న పత్రాలు ఉన్నాయేమో కూడా చూడండి. అమిలాయిడ్ బీటా స్టార్ 56 అనే ప్రోటీన్ ముద్ద ఎలుకల్లో జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుందని 2006లో నేచర్ జర్నల్‌లో వచ్చిన పత్రానికి రెండు వేలకు పైగా సైటేషన్లు వచ్చాయి. అందులోని చిత్రాల మీద 2022లో తీవ్రమైన అనుమానాలు బయటపడ్డాయి, 2024లో పత్రాన్ని ఉపసంహరించారు. ఉపసంహరించినంత మాత్రాన ఆ సైటేషన్లు ఖాతాలోంచి పోవు. ఉపసంహరించిన పత్రాలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ సమాచార నిధిలో పేరు వెతకడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

ప్రశ్న వేసినవారి స్పందన: ఉదయసముద్రం

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండు రాత్రులు చెల్లెలూ నేనూ కూర్చుని మీరు చెప్పినట్లే చేశాము. నాన్న పాత చిట్టా పుస్తకంలో గడులు గీసి ఇచ్చారు: పత్రం పేరు, ఏడాది, మొదటి పేరు, చివరి పేరు, సైటేషన్లు.

మొదటివారి 9,400లో 6,300 మూడే మూడు పత్రాల నుంచి వచ్చాయి. మూడింటిలోనూ రచయితల జాబితా ఫోన్‌లో జరుపుతూ పోతే తరగనంత పొడవు ఉన్నది. వారి పేరు మధ్యలో ఎక్కడో, అక్షర క్రమంలో ఉన్నది. ఆ మూడూ తీసివేస్తే సైటేషన్లు మూడో వంతుకు పడిపోయాయి గానీ హెచ్-ఇండెక్స్ 36 నుంచి 34కు మాత్రమే దిగింది. హెచ్-ఇండెక్స్‌కు ఉన్న మంచి గుణం ఇదేనేమో అనిపించింది. వారి పేరు చివర ఉన్న పత్రాలు ముప్పై దాకా ఉన్నాయి, దాదాపు అన్నిటిలో మొదటి పేరు విద్యార్థిదే.

రెండవవారి అరవై పత్రాల్లో పదకొండు ఫ్లోరైడ్ జర్నల్‌లో ఉన్నాయి. పిల్లలమర్రి గారు హెచ్చరించినట్లే ఐసైట్‌లో అవి కనబడలేదు. కనబడిన వాటి నిష్పత్తి మొదటివారి సొంత ప్రయోగశాల పత్రాలకు ఏమీ తీసిపోలేదు, రెండు పత్రాలకు ఎక్కువే ఉన్నది. చెల్లెలి ముఖం వికసించింది. కానీ ఆ తర్వాతి గడి నింపుతుంటే ఇద్దరమూ ఆగిపోయాము. ఎలుకలతో ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాల పత్రాల్లో కూడా చాలాచోట్ల మొదటి పేరు ఆచార్యులదే. విద్యార్థుల పేర్లు రెండవ, మూడవ స్థానాల్లో ఉన్నాయి. నాన్న ఆ గడి మీద వేలు పెట్టి, "పని చేసినోళ్ల పేరు ముందుండాలె గదా" అన్నారు. మూడు రోజుల క్రితం 9,400 చుట్టూ సున్నా చుట్టినది ఆయనే.

ఇప్పుడు దీనిని ఏమని అర్థం చేసుకోవాలి?

జవాబు: పిల్లలమర్రి

సార్, తొందరపడి తీర్పు చెప్పకండి. విద్యార్థి ఉద్యోగం వచ్చి మధ్యలో వెళ్లిపోతే, మిగిలిన ప్రయోగాలు గైడే చేసి, పత్రం తానే రాసి మొదటి పేరు వేసుకోవడం చిన్న ప్రయోగశాలల్లో జరుగుతుంది, అందులో తప్పు లేదు. అదే ప్రతి విద్యార్థి విషయంలోనూ జరిగితే అది వేరే సంగతి. తేడా తెలుసుకోవడానికి ఆ విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో (మన దేశపు పీహెచ్‌డీ గ్రంథాలు ఉండే వెబ్‌సైట్) తీసి, వారి అధ్యాయాలను అచ్చయిన పత్రాలతో పోల్చండి. పట్టికలూ బొమ్మలూ అవే అయి, పేరు మాత్రం వెనక్కి జరిగితే తెలిసిపోతుంది. సిద్ధాంత గ్రంథం సమర్పించిన తేదీ, పత్రం అచ్చయిన తేదీ కూడా చూడండి.

అలాగే ఇద్దరినీ ముఖాముఖిగా అడగడం మర్యాదకు భంగం కాదు. నేను చేరినప్పుడు అడగలేదు, నాలుగో ఏడు అడిగాను, అప్పటికి ఆలస్యమైంది.

ఉదయసముద్రం

నిన్న శోధ్‌గంగలో రెండవవారి విద్యార్థుల గ్రంథాలు రెండు దొరికాయి. ఒకదాంట్లో మూడవ అధ్యాయంలోని హిపోకాంపస్ బొమ్మ, ఆచార్యుల పేరు మొదట ఉన్న పత్రంలోని రెండవ బొమ్మ ఒక్కటే. గ్రంథం సమర్పించిన ఏడాది తర్వాత పత్రం అచ్చయింది. రెండవ గ్రంథం రాసిన విద్యార్థి పత్రాల్లో మాత్రం మొదటి పేరు ఆ విద్యార్థిదే.

ఇద్దరు ఆచార్యులకూ చెల్లెలు నిన్న రాత్రే ఈమెయిల్ రాసింది. నా పీహెచ్‌డీ ప్రయోగాల పత్రాల్లో మొదటి పేరు ఎవరిది ఉంటుంది అన్నది ఒక ప్రశ్న, మొదటివారికి అదనంగా ఫ్లోరోసిస్ రోగుల వెన్నుపాము స్కానింగ్ మీద పనిచేసే అవకాశం ఉంటుందా అన్నది మరొక ప్రశ్న. మొదటివారు ఉదయం పదకొండుకే జవాబిచ్చారు. పేరు విషయంలో స్పష్టంగా విద్యార్థిదే అన్నారు, ఫ్లోరోసిస్ గురించి వచ్చి మాట్లాడమన్నారు. రెండవవారి నుంచి ఇంకా రాలేదు. ఆరు రోజులు ఉన్నాయి కనుక మంగళవారం దాకా చూద్దామని చెల్లెలు అంటున్నది.